పన్నెండో నిమిషం ఏడుపు: 26 నెలల పాప తొలి స్విమ్మింగ్ క్లాసులపై కేస్ స్టడీ

పాప వయసు 26 నెలలు, బరువు 11 కిలోలు. ఇల్లు విశాఖలో, అపార్ట్‌మెంట్. ఫిట్స్, ఆస్తమా, చెవి కారడం, గుండె సమస్య ఏవీ లేవని ముందే అడిగి రాసుకున్నాం. అంతకుముందు జనవరి చివర్లో మరో చోట ఉదయం ఏడు గంటల బ్యాచ్‌కి రెండు వారాలు వెళ్ళింది. ప్రతిసారీ ఒకటే తంతు. దిగినప్పుడు బాగానే ఉంటుంది, చేతులతో నీళ్ళు కొడుతుంది, నవ్వుతుంది. పది పన్నెండు నిమిషాలు దాటాక ఏడుపు. "భయమండీ, నాలుగు రోజులు ఏడవనివ్వండి, అదే పోతుంది" అని అక్కడివాళ్ళు అన్నారట. పోలేదు సరికదా, రెండో వారానికి గేటు కనబడగానే నాన్న మెడ పట్టుకుని వదలడం మానేసింది. ఫిబ్రవరి మొదట్లో మా స్విమ్మింగ్ క్లాసులకి తీసుకొచ్చింది ఆ స్థితిలోనే.

నీళ్ళంటే భయం ఉన్న పిల్లలు దిగకముందే ఏడుస్తారు, లేదా ముఖం మీద నీళ్ళు పడగానే ఏడుస్తారు. పావుగంట ఆడుకుని ఆ తరవాత ఏడవరు. గేటు దగ్గర భయం తరవాత పుట్టుకొచ్చింది, అసలు ఫిర్యాదు అది కాదు. ఈ రెండింటినీ కలిపి "నీళ్ళ భయం" అని రాసేస్తే వైద్యం తప్పుతుంది.

మొదటి రోజు పాపని నీళ్ళలోకి దించలేదు. నాన్నని దింపి, పాపని ఎలా పట్టుకునేవారో ఒక బొమ్మతో చూపించమన్నాం. ఇంట్లో స్నానం ఎలా చేయిస్తారో అమ్మని అడిగాం. నీళ్ళ వేడి కొలిచాం. కేసు సగం అక్కడే తేలిపోయింది.

నీళ్ళ సంగతి

విశాఖలో చాలా పూల్స్‌కి హీటర్ ఉండదు. ల్యాపులు కొట్టే పెద్దవాళ్ళకి 26 నుంచి 28 డిగ్రీల నీళ్ళు హాయి. మూడేళ్ళలోపు పిల్లలకి 30కి తగ్గకుండా ఉండాలి, 32 అయితే ఇంకా మంచిది. వాళ్ళ బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, చర్మం కింద కొవ్వు పల్చన, పైగా పెద్దవాళ్ళలా జోరుగా ఈది వేడి పుట్టించుకోలేరు. గాలికంటే నీరు పాతిక రెట్లు వేగంగా ఒంట్లోంచి వేడిని లాగేస్తుంది. మనం "చల్లగా బాగుంది" అనుకునే నీళ్ళలో రెండేళ్ళ పిల్లకి పది నిమిషాల్లో గడ్డం వణుకుతుంది.

బేబీ పూల్ విషయంలో చాలామందికి తట్టని కిటుకు ఒకటుంది. లోతు రెండడుగులే కాబట్టి ఎండకి త్వరగా వేడెక్కుతుంది, రాత్రికి అంతే త్వరగా చల్లారుతుంది. పెద్ద పూల్‌లో రోజు మొత్తం మీద తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ. బేబీ పూల్‌లో నాలుగైదు డిగ్రీలు. అంటే ఫిబ్రవరి ఉదయం ఏడింటికి ఆ ఆవరణలో అన్నిటికంటే చల్లటి నీళ్ళు ఉండేది పిల్లల కోసం కట్టిన పూల్‌లోనే. మేం కొలిచినప్పుడు ఉదయం 23, అదే పూల్‌లో సాయంత్రం నాలుగున్నరకి 28. ఎండ తగలకూడదనీ, ఆఫీసు టైముకి ముందే అయిపోవాలనీ తల్లిదండ్రులు ఉదయం బ్యాచే అడుగుతారు. మే నెలలో అయితే పర్వాలేదు, చలికాలంలో మాత్రం అది తిరగబడుతుంది.

కొలవడానికి పిల్లల స్నానానికి వాడే థర్మామీటర్ చాలు. జానెడు లోతులో రెండు నిమిషాలు పట్టుకుని చూడాలి. పైన తేలనిస్తే ఎండకి కాగిన పొర వేడి మాత్రమే చూపిస్తుంది.

సాయంత్రానికి మార్చడంలో ఒక ఇబ్బంది ఉంది. బేబీ పూల్‌లో నీళ్ళు తక్కువ, పిల్లలు ఎక్కువ, ఎండ నేరుగా పడుతుంది. ఉదయం వేసిన క్లోరిన్ సాయంత్రానికి అడుగంటుతుంది. ఫ్రీ క్లోరిన్, అంటే క్రిముల్ని చంపడానికి ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, 1 నుంచి 3 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. నాలుగున్నర క్లాసుకి ఉదయం రిజిస్టర్‌లో రాసిన అంకె చూపిస్తే ఒప్పుకోవద్దు, మీ ఎదురుగా పూల్ నీళ్ళలో టెస్ట్ కిట్ చుక్కలు వేసి చూపించమనండి. ముక్కు పగిలేలా వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. నిజానికి అది చెమట, మూత్రంతో కలిసి క్లోరమైన్‌గా మారిన వాసన. క్లోరిన్ సరిపోలేదని దానర్థం. పెద్ద పూల్‌లో అయితే లోతు వైపు అడుగున ఉండే డ్రెయిన్ జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనబడాలి. కనబడని రోజు ఇంటికి వెళ్ళిపోవడమే.

చేతుల సంగతి

బొమ్మని పట్టుకుని నాన్న చూపించినది ఇదీ: రెండడుగుల నీళ్ళలో నిలబడి, నడుం వంచి, బొమ్మ చంకల కింద పట్టుకున్నారు. ఒక నిమిషం బాగానే ఉంది. నడుం లాగేసరికి కొంచెం లేచారు, బొమ్మ కూడా లేచింది. ఇంకో నిమిషానికి బొమ్మ పొట్ట దాకానే నీళ్ళలో ఉంది, ఛాతీ, భుజాలు గాలికి. తడి చర్మం మీద గాలి తగిలితే నీరు ఆవిరవుతూ ఒంటిని చల్లబరుస్తుంది. 23 డిగ్రీల నీళ్ళు ఒకవైపు, తడి భుజాల మీద గాలి ఇంకోవైపు. పన్నెండో నిమిషానికి ఏడవక ఏం చేస్తుంది?

బేబీ పూల్‌లో పెద్దవాళ్ళు నిలబడకూడదు. మోకాళ్ళ మీద కూర్చోవాలి. టైల్స్ గుచ్చుకుంటాయి కాబట్టి పాత యోగా మ్యాట్ ముక్క ఒకటి మోకాళ్ళ కింద వేసుకుంటే నడుస్తుంది. పాప భుజాలు ఎప్పుడూ నీళ్ళలో, గడ్డం నీటిమట్టానికి ఒక వేలు పైన. పెద్దవాళ్ళ కళ్ళూ పాప కళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి.

పట్లు మూడే నేర్పాం. ఎదురు పట్టు: బొటనవేళ్ళు భుజాల ముందు, మిగతా వేళ్ళు చంకల కిందుగా వీపు మీదికి, చేతులు చాపి, వెనక్కి జరుగుతూ పాపని ముందుకి తీసుకురావడం. నడుం పట్టు: చంకన ఎత్తుకున్నట్టే, కానీ భుజాలు మునిగేలా, ఒక చెయ్యి పాప పిరుదుల కింద. భుజం పట్టు: పాప వీపు మన ఛాతీ వైపు, తల మన భుజం మీద, చెంపకి చెంప ఆనించి, ఒక అరచెయ్యి నడుం కింద. వెల్లకిలా తేలడానికి ఇది తొలిమెట్టు.

చెయ్యకూడనిది ఒకటి గట్టిగా చెప్పాం. మణికట్టు పట్టుకుని లాగడం, రెండు చేతులూ పట్టి గట్టు మీదికి ఎత్తడం. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో మోచేతి దగ్గర ఎముక ఆ ఒక్క లాగుకే పట్టు జారుతుంది. పిల్ల చెయ్యి కదపకుండా పక్కకి వేలాడేసి ఉంచితే అదే అయ్యుండొచ్చు, ఎముకల డాక్టరుకి చూపించాలి. పైకి తియ్యాలంటే ఛాతీ చుట్టూ పట్టి ఎత్తాలి.

ఇక నూనె. క్లోరిన్‌కి చర్మం పొడిబారుతుందని నాయనమ్మ క్లాసుకి ముందు ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించి పంపేవారు. ఉద్దేశం మంచిదే గానీ పాప చేతుల్లోంచి చేపలా జారుతుంది, నూనె క్లోరిన్‌ని కూడా తినేస్తుంది. నూనె క్లాసు అయ్యాక, మంచినీళ్ళ స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి రాస్తే చర్మానికి నిజంగా మేలు. కాటుక కూడా అంతే. నీళ్ళకి కరిగి కళ్ళలోకి దిగి పాప కళ్ళు నులుముకుంటే అందరూ క్లోరిన్‌ని తిడతారు. దిష్టి తాడు, వెండి పట్టీలు ఇంట్లోనే తీసి రావాలి. పట్టీ మువ్వ డ్రెయిన్ జాలీలో ఇరుక్కునే అవకాశం చిన్నదే అయినా, ఆ చిన్న అవకాశాన్ని కాళ్ళకి కట్టుకుని దిగక్కర్లేదు.

తలంటు చేసిన పని

చలి ఒక్కటే అయితే కేసు ఇక్కడితో ముగిసేది. ముఖం మీద నీళ్ళు పడితే పాప బిగుసుకుపోతుందని అమ్మ చెప్పారు. స్నానం ఎలా చేయిస్తారో చేసి చూపించమంటే, ఎడమ చెయ్యి పాప నుదుటికి అడ్డం పెట్టి కుడిచేత్తో మగ్గు వంపారు. మన ఇళ్ళలో అందరూ చేసేదే. దానివల్ల రెండేళ్ళలో ఆ ముఖం మీంచి నీటిధార ఒక్కసారి కూడా దిగలేదు. ఆదివారం తలంటులో మాత్రం కుంకుడు రసం కళ్ళలో పడి మండింది. కాబట్టి పాప లెక్కలో ముఖం మీద నీళ్ళంటే మంట.

ఇంట్లో చెయ్యాల్సిన పని ఇలా రాసిచ్చాం. తలంటు రోజు దీన్ని ముట్టుకోవద్దు, సబ్బు, షాంపూ ఉన్నప్పుడు వద్దు. మామూలు స్నానం చివర్లో గోరువెచ్చని నీళ్ళు పావు మగ్గు. పాపకి మగ్గు చూపించాలి, పేరు పెట్టి పిలవాలి, "ఒకటి, రెండు, మూడు" అనాలి, నడినెత్తి మీంచి ముఖం మీదికి ఒక్క సెకను ధార. ఆ వెంటనే ముఖం తుడవకూడదు. తుడిస్తే ఏదో కాకూడనిది జరిగిందని చెప్పినట్టే. తనే రెప్పలు కొట్టి, ఊది, చూసుకోవాలి. రోజుకి రెండుసార్లకి మించి వద్దు. వారం తరవాత అరమగ్గు. ప్రతిసారీ అదే మాట, అదే లెక్క, ఎందుకంటే ఆ మాట వినగానే నోరు మూసుకోవడం నేర్పడమే ఇక్కడ ఉద్దేశం. ఆరు నెలలలోపు పిల్లలకి నీళ్ళు తగిలితే ఊపిరి దానంతట అదే ఆగే రిఫ్లెక్స్ ఉంటుంది. ఆ తరవాత అది క్రమంగా పోతుంది. పసిబిడ్డల్ని నీళ్ళలోకి వదిలే వీడియోలు చూసి రెండేళ్ళ పిల్లని ముంచేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

మొదటి క్లాసు

సాయంత్రం నాలుగున్నర. గంట ముందు ఒక ఇడ్లీ, అరటిపండు సగం. పాలు ఇవ్వద్దన్నాం, నాలుగు గుక్కల నీళ్ళు మింగితే పాలన్నీ కక్కేస్తారు. స్విమ్ డైపర్ వేశారు. మామూలు డైపర్‌లోని జెల్ నీళ్ళు పీల్చి కిలో బరువు ఉబ్బి చిట్లుతుంది, ఫిల్టర్ కూడా పాడవుతుంది. స్విమ్ డైపర్ మలాన్ని ఆపుతుంది, మూత్రాన్ని ఆపదు, విరేచనాల్ని అసలే ఆపదు. అందుకే పిల్లకి విరేచనాలు ఉంటే క్లాసు రద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్‌లో వారానికి పైగా బతుకుతుంది. ఆ జబ్బు తేలితే తగ్గాక కూడా రెండు వారాలు పూల్ వైపు రాకూడదు. పైన ఫుల్ హ్యాండ్స్ స్విమ్ సూట్, దాని మీద 2 మిల్లీమీటర్ల మందం నియోప్రీన్ (ఒంటి వేడిని ఆపే రబ్బరు లాంటి గుడ్డ) జాకెట్, ఎందుకంటే 28 డిగ్రీలు కూడా మాకు కావలసినదానికంటే తక్కువే. చేతులకి తగిలించే గాలి బ్యాండ్లు, ట్యూబు వద్దన్నాం. అవి పిల్లని నిలువుగా వేలాడదీస్తాయి, ఈతకి కావలసింది అడ్డంగా తేలే ఒళ్ళు. పైగా అవి లేని రోజు కూడా తేలతాననుకుని దిగుతారు.

మొదటి మూడు నిమిషాలు గట్టు మెట్టు మీదే. నాన్న ఒడిలో కూర్చుని కాళ్ళతో నీళ్ళు కొట్టింది. తరవాత నడుం పట్టులో పూల్ ఒక చివర నుంచి ఇంకో చివరికి, గోడ వెంట. గోడ తగలగానే పాప చెయ్యి తీసి గట్టు మీద పెట్టి "గోడ పట్టుకో". ఆరో నిమిషానికి ఎదురు పట్టు, పాప ముందు ఒక పింగ్‌పాంగ్ బంతి, దాన్ని ఊదుకుంటూ ముందుకి. ఊదే నోట్లోకి నీళ్ళు పోవు. ముఖం మీద ధార మొదటి రోజు వెయ్యలేదు. పదో నిమిషానికి, నవ్వుతూ ఉండగానే బయటికి తీశాం. ఇంకా కావాలని గొడవ చేసింది. నాయనమ్మ ఫోన్‌లో వీడియో తీస్తూ "అప్పుడేనా బాబూ" అన్నారు. అవును, అప్పుడే. పెదవుల రంగు మారాక, గడ్డం వణికాక, చేతుల మీద చర్మం మచ్చలు మచ్చలుగా అయ్యాక తీస్తే ఆలస్యం అయినట్టే.

బయటికి రాగానే టోపీ ఉన్న టవల్, గోరువెచ్చని నీళ్ళు, నూనె, బట్టలు, ఉప్మా. చెవులు టవల్ అంచుతో బయట తుడిస్తే చాలు, ఇయర్‌బడ్స్ వద్దు.

దారి తప్పిన రెండు చోట్లు

మూడో వారంలో పాప బాగా చేస్తోందని నాన్నకి హుషారొచ్చింది. మూడు లెక్కపెట్టి పాపని పూర్తిగా ముంచి లేపారు. మాట విన్న పాప నోరు మూసింది గానీ, లోపల రెండో సెకనుకి తెరిచింది. దగ్గు, కొంచెం కక్కు. ఆ రాత్రి గమనించడానికి ఇచ్చిన గుర్తులు: ఆగని దగ్గు, ఊపిరి వేగం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, నోట్లో నురగ, వేళకాని మత్తు, మళ్ళీ మళ్ళీ వాంతులు. ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి, అవసరమైతే 108. ఏవీ రాలేదు. అయినా రెండు క్లాసులు వెనక్కి వెళ్ళి మగ్గు దగ్గరే ఆగాం. ఈ వయసులో మాటిమాటికి ముంచడంలో దగ్గు కాక ఇంకో ప్రమాదం ఉంది. మింగిన నీళ్ళన్నీ రక్తంలో సోడియంని పల్చన చేస్తాయి, అది ముదిరితే ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. పిల్ల తనంతట తను ముఖం ముంచే దాకా మేం ముంచం.

రెండోది ఇంట్లో. నాలుగో వారంలో పాప బాత్రూంలో నిండు బకెట్ అంచు పట్టుకుని వంగి, నీళ్ళలో బుడగలు ఊదుతూ అమ్మకి కనబడింది. క్లాసులో నేర్పిందే చేస్తోంది. ఈ వయసు పిల్లల్లో తల బరువు ఎక్కువ. అంచు మీంచి వంగి మొగ్గితే మళ్ళీ పైకి లేవలేరు. రెండంగుళాల నీళ్ళు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో మునిగి చనిపోయినవాళ్ళు సుమారు 3 లక్షలు. అందులో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలు. బకెట్లు బోర్లించి పెట్టడం, డ్రమ్ముకి మూత, కింద సంపు మూతకి తాళం, బాత్రూం తలుపుకి పైన గడియ. ఈ పనులయ్యాయని ఫోటోలు పంపాకే తరవాతి క్లాసు పెట్టాం. క్లాసులకి వెళ్ళే పిల్లకి నీళ్ళంటే జంకు తగ్గుతుంది, నైపుణ్యం మాత్రం అంత వేగంగా రాదు. ఆ మధ్యకాలంలోనే ఇల్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో అలల్లోకి దింపడానికి ఈ క్లాసులు ఏమాత్రం అర్హత కావు. అక్కడ వెనక్కి లాగే నీళ్ళలో పెద్దవాళ్ళే నిలబడలేరు.

వెల్లకిలా, గోడ, మెట్టు

వారానికి రెండు క్లాసులు. మార్చిలో నీళ్ళు వేడెక్కేకొద్దీ సమయం పది నుంచి పదిహేను, తరవాత ఇరవై నిమిషాలు. ఇరవై దాటించలేదు. వెల్లకిలా తేలడం ఈ వయసు పిల్లలకి నచ్చదు. చెవుల్లోకి నీళ్ళు వస్తాయి, పైన పట్టుకోవడానికి ఏమీ కనబడదు, మెడ ఎత్తేస్తారు, మెడ ఎత్తగానే నడుం మునుగుతుంది. భుజం పట్టులో చెంప ఆనించి, పైన ఎగిరే కాకుల్ని లెక్కపెట్టిస్తూ మూడు సెకన్లు, ఐదు సెకన్లు. బలవంతం చేస్తే వారం పని పోతుంది. ఈ పాప ఎనిమిదో వారానికి కూడా చెయ్యి తీస్తే ఒప్పుకోదు, అరచెయ్యి నడుం కింద ఉంటే పది సెకన్లు ఉంటుంది. మాకు అది చాలు.

ఎక్కువ సమయం పెట్టింది గోడ మీద. గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళలోకి జారనిచ్చి, నడుం పట్టి వెనక్కి తిప్పి, గట్టు అందించడం. తరవాత పైకి ఎక్కడం: "మోచెయ్యి, మోచెయ్యి, పొట్ట, మోకాలు". ఇదే వరస, ఇవే మాటలు. పొరపాటున పడిన పిల్ల చెయ్యాల్సింది ఈదడం కాదు, వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం. ఆరో వారంలో పాప మోకాలు దాకా తనే వచ్చింది, చివర ఎగదోపు మాత్రం మాదే.

మార్చి మూడో వారంలో రెండు రోజులు మబ్బు పట్టి బేబీ పూల్ 30 నుంచి 26కి దిగింది. ఆరోజు జాకెట్ కూడా మర్చిపోయి వచ్చారు. పాప పదకొండో నిమిషానికి ఏడ్చింది, పాత ఏడుపే. బయటికి తీసి టవల్ చుట్టగానే ఆగిపోయి అరటిపండు అడిగింది. భయంతో ఏడ్చిన పిల్ల అంత త్వరగా తేరుకోదు. ఆ తరవాత థర్మామీటర్ నాన్న సంచిలోనే ఉంటోంది, 27కి తగ్గితే వాళ్ళే వెనక్కి వెళ్ళిపోతున్నారు.

ఏడాది దాటిన పిల్లలకి క్లాసులు మునిగే ప్రమాదాన్ని తగ్గించొచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 విధాన పత్రం చెబుతుంది, ఏడాదిలోపు పిల్లలకి అలాంటి ఆధారం లేదంటుంది. సొంతంగా ఈత అనదగింది చాలామంది పిల్లలకి నాలుగేళ్ళ చుట్టుపక్కలే వస్తుంది. కాబట్టి "రెండు నెలల్లో ఈత" అని ఈ కుటుంబానికి మేం మాట ఇవ్వలేదు. తల్లిదండ్రులిద్దరినీ పిల్లల సీపీఆర్ నేర్చుకోమన్నాం. నీట మునిగిన పిల్లకి ఛాతీ నొక్కడం ఒక్కటే సరిపోదు, నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి, అది చేత్తో చేసి చూడకుండా రాదు.

ఏప్రిల్ చివరి నుంచి సమ్మర్ క్యాంపుల రద్దీ. నీళ్ళు 31 దాటుతాయి, వేడి గొడవ ఉండదు, కానీ సాయంత్రం బేబీ పూల్‌లో క్లోరిన్ నిలవదు. అందుకని పాపని ఉదయం ఎనిమిదిన్నరకి మారుస్తున్నాం. అప్పటికి రాత్రి కూడా నీళ్ళు అంతగా చల్లారవు, క్లోరిన్ తాజాగా ఉంటుంది, జనం పల్చన. అరచెయ్యి సాయం లేకుండా ఐదు సెకన్లు వెల్లకిలా ఉండి, ఎగదోపు లేకుండా గట్టు ఎక్కాక పెద్ద పూల్ మూడున్నర అడుగుల చివరకి మారుస్తాం. అక్కడికి వెళ్ళాక నాన్న నిలబడొచ్చు, మోకాళ్ళు మాత్రం వంచే ఉండాలి.